లెబనాన్ అంతర్యుద్ధం: మతం కోసం జరిగిందా, మిలీషియాల కోసం సాగిందా?

కొవ్వూరు_కుర్రాడు

అందరికీ నమస్కారం. పశ్చిమాసియా చరిత్ర చదువుతూ లెబనాన్ దగ్గర ఆగిపోయాను. దేశం మొత్తం కలిపి 10,452 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే చిన్నది. అంత చిన్న దేశంలో 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం జరిగింది. లక్షన్నర మంది చనిపోయారని ఎక్కువమంది చెప్పే అంచనా.

చాలాచోట్ల ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, క్రైస్తవ మిలీషియాలకూ (పార్టీల సొంత సాయుధ దళాలు) ముస్లిం మిలీషియాలకూ యుద్ధం అని. కొంచెం లోపలికి వెళ్తే మాత్రం లెక్క కుదరడం లేదు. 1976లో సిరియా సైన్యం దేశంలోకి దిగింది క్రైస్తవ పక్షం ఓడిపోకుండా కాపాడటానికి. 1988లో షియాలు షియాలతోనే కొట్టుకున్నారు. 1990లో క్రైస్తవులు క్రైస్తవుల మీదే ఫిరంగులు పేల్చారు.

ఇంకో సందేహం నన్ను ఎక్కువగా తొలిచేస్తోంది. ఒకే బిల్డింగ్‌లో పక్కపక్క వాటాల్లో బతికినవాళ్ల మధ్యలోకి ఇన్ని తుపాకులు ఎలా వచ్చాయి? ఆ కుర్రాళ్లకు పదిహేనేళ్లు జీతం ఎవరిచ్చారు? తెలిసినవాళ్లు చెప్పండి.

నిజం_చెప్తా

ఇందులో అంత తల పట్టుకోవాల్సింది ఏముంది తమ్ముడూ? 1975 డిసెంబర్ 6 గురించి చదువు, నల్ల శనివారం అంటారు. ఫలాంజె అనే క్రైస్తవ పార్టీకి చెందిన నలుగురు కుర్రాళ్ల శవాలు దొరికాయి. అదే రోజు వాళ్ల పార్టీవాళ్లు బీరూట్‌లో రోడ్లకు అడ్డం నిలబడి, కార్లు ఆపి, గుర్తింపు కార్డులు అడిగారు. అప్పట్లో కార్డు మీద మతం రాసి ఉండేది. ముస్లిం అని కనబడితే దించి కాల్చేశారు. ఒక్క రోజులో వందకు పైగా ప్రాణాలు పోయాయి. అవతలి మిలీషియాలు కూడా అదే పని చేశాయి, కార్డు మీద క్రైస్తవుడని ఉంటే చాలు.

చచ్చినవాడు ఏ పార్టీకి ఓటేశాడో, యూనియన్‌లో ఉన్నాడో లేదో ఎవరూ అడగలేదు. మతం అడిగి చంపితే దాన్ని మతయుద్ధం కాక ఇంకేమంటారు?

పాత_పుస్తకాలు

నిజం_చెప్తా గారు చెప్పింది జరిగింది. దాన్ని ఎవరూ తక్కువ చేసి చూడకూడదు. అయితే డిసెంబర్ నాటికి యుద్ధం మొదలై ఎనిమిది నెలలు. అసలు ముడి ఇంకా వెనక ఉంది. నేను చాలాకాలం చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1920లో ఫ్రెంచివాళ్లు ఈ దేశానికి ఇప్పటి సరిహద్దులు గీశారు. 1943లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పెద్దల మధ్య కాగితం మీద లేని ఒప్పందం ఒకటి కుదిరింది. అధ్యక్షుడు మెరోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. పార్లమెంటులో ఆరుగురు క్రైస్తవులకు ఐదుగురు ముస్లింలు. ఈ లెక్కకు ఆధారం 1932 జనాభా లెక్కలు. అందులో క్రైస్తవులు కొద్దిగా ఎక్కువ. ఆ తర్వాత ఇప్పటిదాకా అక్కడ అధికారికంగా జనాభా లెక్కలు తీయలేదు! లెక్క తీస్తే కుర్చీలు కదులుతాయని అందరికీ తెలుసు. ముస్లింల సంఖ్య పెరిగింది, వాటా మాత్రం మారలేదు. అందులోనూ షియాల పరిస్థితి మరీ అన్యాయం. దక్షిణాది పొగాకు రైతులు, బెకా లోయ కూలీలు పొట్టచేత పట్టుకుని బీరూట్ శివార్లకు వచ్చి రేకుల ఇళ్లలో చేరారు. నగరం చుట్టూ ఆ పేటలను 'దరిద్రపు మొలతాడు' అనేవాళ్లు.

దీని మీద పాలస్తీనా సమస్య వచ్చి పడింది. 1948లో వచ్చిన కాందిశీకులు శిబిరాల్లో ఉండిపోయారు. 1969 కైరో ఒప్పందంతో ఆ శిబిరాల్లో పీఎల్ఓ (పాలస్తీనా విమోచన సంస్థ) ఆయుధాలు పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. 1970లో జోర్డాన్ రాజు పీఎల్ఓ మీద సైన్యాన్ని దింపాక వాళ్ల నాయకత్వమంతా బీరూట్‌కు మారింది. ఇజ్రాయెల్ మీద ఇక్కడి నుంచి దాడులు, దానికి బదులుగా ఇక్కడి ఊళ్ల మీద బాంబులు. సైన్యం ఏమీ చేయలేకపోయింది. అప్పుడు మెరోనైట్ నాయకులు, ప్రభుత్వం మనల్ని కాపాడదు, మనమే తుపాకులు పట్టాలని కుర్రాళ్లకు కొండల్లో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు.

1975 ఫిబ్రవరిలో సైదా రేవులో జాలర్లు రోడ్డెక్కారు. తీరంలో చేపల వేట మొత్తాన్ని ఒక పెద్ద కంపెనీకి కట్టబెడుతున్నారని వాళ్ల భయం. ఆ కంపెనీ వెనక మాజీ అధ్యక్షుడు కమీల్ షమూన్ ఉన్నాడు. ఊరేగింపులో ఉన్న మాజీ ఎంపీ మరూఫ్ సాద్‌కు తుపాకీ గుండు తగిలింది, మార్చి 6న చనిపోయాడు. చూడండి, అది పూర్తిగా కూడు గొడవ. కానీ జాలర్లు ముస్లింలు, షమూన్ మెరోనైట్, సైన్యాధిపతి కూడా మెరోనైటే. వారం తిరిగేసరికి దాన్ని మతం గొడవగా మార్చేశారు.

ఏప్రిల్ 13 ఆదివారం, బీరూట్ శివారు ఐన్ అల్ రుమ్మానేలో చర్చి బయట కాల్పులు జరిగాయి. ఫలాంజె పార్టీ వ్యవస్థాపకుడు పియేర్ జెమాయెల్ అప్పుడు ఆ చర్చి కార్యక్రమంలోనే ఉన్నాడు, ఆయన మనుషులు చనిపోయారు. కాసేపటికి అదే పేటలోంచి పాలస్తీనీయులతో వెళ్తున్న బస్సును ఆపి కాల్చేశారు. 27 మంది పోయారు. యుద్ధం ఆ రోజు మొదలైందని లెక్క.

కడప_టు_కువైట్

మాస్టారు గారికి నమస్కారం. కార్డు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. నేను పనిచేసే సైట్‌లో పెద్ద ఫోర్‌మన్ లెబనాన్ ఆయన, సున్నీ. యుద్ధం మొదలైనప్పుడు స్కూలు పిల్లాడు. వాళ్ల నాన్న టాక్సీ తోలేవాడట. ఆయన దగ్గర రెండు కార్డులు ఉండేవి, ఒకటి అసలుది, ఇంకోటి దొంగది, క్రైస్తవుడి పేరుతో. ఒకటి చొక్కా జేబులో, ఒకటి సాక్సులో. ఎదురుగా చెక్‌పోస్టు కనబడగానే అది ఎవరిదో దూరం నుంచే పోల్చుకుని కార్డు మార్చుకోవాలి. జెండా కనబడకపోతే? ఒక్కోసారి అక్కడ నిలబడ్డ కుర్రాడి మెడలో శిలువ ఉందో లేదో చూసి చెప్పేవాడట. తప్పు కార్డు చేతికిస్తే ప్రాణం పోతుంది.

నేను ముస్లిమును. మా రూములో పక్క మంచం వాడు గోదావరి జిల్లా క్రైస్తవుడు. ఆ కథ విన్న రాత్రి ఇద్దరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

కొవ్వూరు_కుర్రాడు

బాబోయ్. కడప అన్నా, ఆ ఫోర్‌మన్ గారు ఎవరి మీద కోపంగా ఉంటారు? క్రైస్తవుల మీదా?

కడప_టు_కువైట్

అదే నాకూ ఆశ్చర్యం తమ్ముడూ. ఆయన తిట్టేదంతా చెక్‌పోస్టువాళ్లను. ముందు సొంతవాళ్లను తిడతాడు, తర్వాతే అవతలివాళ్లను. "మా పేట కుర్రాళ్లే మా నాన్న దగ్గర రోజూ డబ్బు గుంజేవాళ్లు, కాపాడుతున్నామని చెప్పి" అంటాడు.

వరంగల్_వాణి

కడప అన్న చివర రాసిన ఆ మాట పట్టుకుంటే, కుర్రాడు మొదట అడిగిన డబ్బు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నేను ఈ విషయం మీద కొంతకాలంగా చదువుతున్నాను.

మొదట్లో ఆయుధాలు బయటి నుంచే వచ్చాయి. వామపక్ష, ముస్లిం పక్షానికి లిబియా డబ్బు, పీఎల్ఓ ఆయుధాలు, శిక్షణ. క్రైస్తవ మిలీషియాలకు 1976 నుంచి ఇజ్రాయెల్ సాయం. 1982 తర్వాత షియా మిలీషియా హిజ్బుల్లాకు ఇరాన్. చివర్లో సిరియా మీద పగతో ఇరాక్ కూడా క్రైస్తవ పక్షానికి ఆయుధాలు పంపింది. కానీ బయటివాడి డబ్బు ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. అందుకని ప్రతి మిలీషియా తన ప్రాంతంలో పన్నులు వేసింది.

క్రైస్తవుల చేతిలోని తూర్పు బీరూట్‌లో లెబనీస్ ఫోర్సెస్ అనే క్రైస్తవ మిలీషియాకు ఏకంగా ఒక ఖజానా విభాగమే ఉండేది. పెట్రోలు మీద ఇంత, హోటల్ బిల్లు మీద ఇంత. బీరూట్ రేవులో ఐదో బేసిన్ (ఓడలు ఆగే చోటు) వాళ్ల చేతిలో ఉండేది, అక్కడ దిగే సరుకు మీద సుంకం ప్రభుత్వానికి కాకుండా వాళ్లకే వెళ్లేది. ఉత్తరానికి పోయే దారిలో బర్బారా చెక్‌పోస్టు అంటే ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్లు ఒళ్లు జలదరిస్తుందంటారు. షూఫ్ కొండల్లో డ్రూజ్ అనే చిన్న మతవర్గం నాయకుడు జుంబ్లాత్ పార్టీకి సొంత పరిపాలన, జియే దగ్గర సొంత రేవు. ఊజాయి తీరంలో షియా మిలీషియా అమాల్‌ది. బెకా లోయలో గంజాయి పంట. ప్రభుత్వానికి కస్టమ్స్ రాబడి ఎండిపోయింది. 1975లో డాలర్‌కు రెండు మూడు లెబనీస్ పౌండ్లు ఇస్తే సరిపోయేది, యుద్ధం ముగిసేసరికి వందల్లో ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు పద్దెనిమిదేళ్ల కుర్రాడి వైపు నుంచి చూడండి. ఫ్యాక్టరీ మూతపడింది. కాలేజీకి వెళ్లాలంటే స్నైపర్లు ఉన్న రోడ్డు దాటాలి. ఇంట్లో అమ్మ, చెల్లెళ్లు. పేటలో జీతం ఇచ్చేది, రేషన్ ఇచ్చేది, ఆసుపత్రిలో మంచం ఇప్పించేది మిలీషియా ఆఫీసు ఒక్కటే. వాడు తుపాకీ పట్టడానికి అవతలి మతం మీద ద్వేషమే ఉండాల్సిన పని లేదు. కానీ పట్టాక, మొదటి శవం చూశాక, ద్వేషం తనంతట అదే వస్తుంది.

శాంతి వస్తే ఈ పన్నులన్నీ పోతాయి. అందుకే వందల కాల్పుల విరమణలు కుదిరాయి, వందలూ చెడిపోయాయి.

డాలస్_తెలుగు

వాణి గారూ, మీరు బయటివాళ్ల పాత్రను తగ్గిస్తున్నారేమో. సిరియా 1976లో వచ్చి 2005 దాకా కదల్లేదు. ఇజ్రాయెల్ 1978లో, మళ్లీ 1982లో బీరూట్ దాకా వచ్చింది, దక్షిణం నుంచి పూర్తిగా వెళ్లింది 2000లో. అమెరికా, ఫ్రాన్స్ సైనికులు శాంతి దళమని వచ్చారు. 1983 అక్టోబర్ 23న రెండు ట్రక్కు బాంబులకు 241 మంది అమెరికన్లు, 58 మంది ఫ్రెంచివాళ్లు చనిపోయారు. ఇక్కడ ఇప్పటికీ ఆ రోజున నివాళి సభలు జరుగుతాయి. ఇందరు వేలు పెట్టకపోతే 1976లోనే అయిపోయేది.

వరంగల్_వాణి

డాలస్ గారూ, బయటివాళ్లు యుద్ధాన్ని పొడిగించారు, కాదనను. కానీ 'ఇతరుల యుద్ధం మా నేల మీద జరిగింది' అనే మాట లెబనాన్ నాయకులకు బాగా పనికొచ్చింది. నల్ల శనివారం రోజు కార్డులు అడిగింది ఏ విదేశీ సైనికుడు? 1976 జనవరి చూడండి. బీరూట్‌లోని కరంతినా మురికివాడను క్రైస్తవ మిలీషియాలు ఊడ్చేశాయి. అక్కడున్నది పేద ముస్లింలు, పాలస్తీనీయులు. రెండు రోజుల తర్వాత దానికి బదులుగా పాలస్తీనా, వామపక్ష దళాలు దామూర్ అనే క్రైస్తవ ఊరి మీద పడ్డాయి. రెండుచోట్లా వందల మంది చనిపోయారు. ఆగస్టులో తల్ అల్ జాతర్ పాలస్తీనా శిబిరం క్రైస్తవ మిలీషియాల 52 రోజుల ముట్టడి తర్వాత కూలింది. నీళ్ల కోసం పంపు దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లను కాల్చేవాళ్లు. అక్కడ బతికి బయటపడ్డవాళ్లకు చోటు ఎక్కడ చూపించారో తెలుసా? దామూర్‌లో, పారిపోయిన క్రైస్తవుల ఇళ్లలో.

నిజం_చెప్తా

చూశారా, మీరే చెబుతున్నారు. క్రైస్తవ ఊరు, ముస్లిం పేట. నేనన్నదీ అదేగా.

పాత_పుస్తకాలు

అవును, ఇంతవరకు మీ మాట నిలుస్తుంది. తర్వాత జరిగింది కూడా చూద్దాం.

1978 జూన్ 13న పియేర్ కొడుకు, లెబనీస్ ఫోర్సెస్ అధిపతి బషీర్ జెమాయెల్ పంపిన దళం ఎహ్‌దెన్ అనే ఊళ్లో టోనీ ఫ్రాంజియే ఇంటి మీద పడింది. ఆయన, భార్య, మూడేళ్ల కూతురు చనిపోయారు. టోనీ మాజీ అధ్యక్షుడి కొడుకు, మెరోనైటే. దాడికి వెళ్లినవాళ్లూ మెరోనైట్లే. 1980 జూలై 7న సఫ్రా బీచ్‌లో షమూన్ కుటుంబం మిలీషియా 'టైగర్స్'ను అదే బషీర్ మనుషులు తుడిచిపెట్టారు. ఒక ప్రాంతంలో ఒకే తుపాకీ ఉండాలి, ఒకే పన్ను వసూలు చేయాలి. వాణి గారు రాసిన డబ్బు లెక్క ఇక్కడ పనిచేసింది.

అవతల? 1985 నుంచి 1988 దాకా బీరూట్‌లోని పాలస్తీనా శిబిరాలను ముట్టడించింది అమాల్, అంటే షియా మిలీషియా. బుర్జ్ అల్ బరాజ్నే శిబిరంలో తినడానికి ఏమీ లేక కుక్కల్ని, పిల్లుల్ని తినే పరిస్థితి వచ్చింది. రెండు వైపులా ముస్లింలే. 1988లో అమాల్, హిజ్బుల్లా ఒకరి మీద ఒకరు పడ్డారు. వీధి వీధికీ, ఇంటింటికీ పోరు, కొన్ని కుటుంబాల్లో అన్నదమ్ములే చెరోవైపు.

1990 జనవరిలో జనరల్ మిషెల్ ఔన్ చేతిలోని సైన్యం, సమీర్ జాజా చేతిలోని లెబనీస్ ఫోర్సెస్ తూర్పు బీరూట్‌లో తలపడ్డాయి. పదిహేనేళ్లు ముస్లింల నుంచి క్రైస్తవులను కాపాడతామని చెప్పినవాళ్లు, క్రైస్తవుల ఇళ్ల మధ్యే ట్యాంకులు పెట్టుకుని కాల్చుకున్నారు. అంతకుముందు పశ్చిమం నుంచి వచ్చిన గుళ్లతో తూర్పు బీరూట్ ఎంత పాడైందో, ఈ కొద్ది నెలల్లో అంతకంటే ఎక్కువ పాడైందని అక్కడివాళ్లే చెప్పుకున్నారు. చాలామంది క్రైస్తవులు ఇక మనకు ఇక్కడ బతుకు లేదని దేశం వదిలింది అప్పుడే.

ఇంకోటి. పక్షాలు కూడా అంత శుద్ధంగా లేవు. ముస్లిం పక్షం అనుకునే జాతీయ ఉద్యమ కూటమి నాయకుడు కమాల్ జుంబ్లాత్ డ్రూజ్, కూటమిలోని కమ్యూనిస్టు పార్టీ నాయకుడు జార్జ్ హావి క్రైస్తవుడు. పాలస్తీనా దళాల్లో జార్జ్ హబష్ క్రైస్తవుడు.

సిక్కోలు_సుబేదార్

మాస్టారు, దక్షిణం మాట నేను చెప్తాను. ఐక్యరాజ్యసమితి దళంలో మన బెటాలియన్ 1998 నుంచి దక్షిణ లెబనాన్‌లో ఉంది. నేను అందులో పనిచేశాను. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకు వెళ్లినవాణ్ణి, కాబట్టి చూసిందే రాస్తాను.

మా వైపు హస్బయ్యా డ్రూజ్‌లది, షెబా, కఫర్ షూబా సున్నీలవి, మర్జయూన్ క్రైస్తవులది, దానికి ఎదురుగానే కనబడే ఖియామ్ షియాలది. పశువైద్య శిబిరం పెడితే నాలుగు ఊళ్ల గొర్రెలూ మేకలూ ఒకే వరసలో నిలబడేవి. మర్జయూన్ ముసలాయన మేకను ఖియామ్ కుర్రాడు గట్టిగా పట్టుకుంటే మా డాక్టర్ సూది వేసేవాడు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

కానీ ఊళ్లోకి పోతే గోడల మీద పోయినవాళ్ల ఫొటోలు. ఒక్కో ఊరికి ఒక్కో పార్టీ ఫొటోలు. వాటి గురించి మాత్రం పక్క ఊరివాళ్ల ముందు ఎవరూ నోరు విప్పరు.

ఖియామ్‌లో పాత జైలు ఉండేది. 1985 నుంచి 2000 మే దాకా ఇజ్రాయెల్ అండతో సౌత్ లెబనాన్ ఆర్మీ అనే మిలీషియా నడిపింది. దాని అధిపతులు క్రైస్తవులు, అందుకని అందరూ క్రైస్తవ మిలీషియా అంటారు. కింద తుపాకీ మోసిన జవాన్లలో షియాలు, డ్రూజ్‌లు బోలెడంత మంది. జీతం కోసం, ఇజ్రాయెల్‌లో ఇంటివాళ్లకు పని దొరుకుతుందని చేరినవాళ్లే ఎక్కువని ఊరివాళ్లు చెప్పారు. షియా ఖైదీని షియా కాపలావాడు కొట్టిన జైలు అది.

కొవ్వూరు_కుర్రాడు

సుబేదార్ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. ఇవి పుస్తకాల్లో దొరకవు. ఇంకో ప్రశ్న: ఇన్నేళ్లు మామూలు జనం ఏం చేశారు? ఎదురు తిరగలేదా?

వరంగల్_వాణి

తిరిగారు. వాళ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నాకు దీని మీదే ఎక్కువ ఇష్టం.

1975 జూన్‌లో షియా మతగురువు మూసా సదర్ బీరూట్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నాడు, కాల్పులు ఆపమని. ఆ దీక్షలో ఉండగానే బెకాలో అల్ కా అనే క్రైస్తవ ఊరిని షియా సాయుధులు చుట్టుముట్టారని తెలిసింది. దీక్ష ఆపి అక్కడికి వెళ్లాడు, ఆ ఊరి మీద పేల్చే ప్రతి గుండూ నా గుండె మీద పేల్చినట్టేనన్నాడు. అదే ఏడాది ఆయన ఉద్యమానికి మిలీషియా కూడా ఉందని బయటపడింది, అదే అమాల్. మంచి మనిషి పెట్టిన మిలీషియా కూడా మిలీషియాగానే పెరిగింది. 1978లో లిబియా వెళ్లి ఆయన మాయమయ్యాడు.

రేడియోలో షరీఫ్ అల్ అఖావి అని ఒకాయన ఉండేవాడు. మొదటి రెండేళ్లలో ఏ రోడ్డు మీద స్నైపర్ ఉన్నాడు, ఏ చెక్‌పోస్టులో కిడ్నాపులు జరుగుతున్నాయి, ఏ దారి క్షేమం అనేది గంట గంటకూ చెప్పేవాడు. జనం ఫోన్ చేసి, మా అబ్బాయి ఫలానా ఆఫీసు నుంచి బయల్దేరుతున్నాడు, ఏ దారిన రమ్మనమంటారు అని అడిగేవాళ్లు. తూర్పు, పడమర తేడా లేకుండా అందరూ ఆయన మాట విని బయటికి అడుగు పెట్టేవాళ్లు. నేనైతే ఆయన్ని ఏ సేనాధిపతి కంటే పెద్దగా తలుచుకుంటాను.

1982 ఆగస్టులో ఇజ్రాయెల్ ముట్టడి నడుస్తుండగా మదర్ థెరిసా తూర్పు నుంచి పడమటికి దాటి, బాంబు దెబ్బ తిన్న ఆసుపత్రి నుంచి 37 మంది వికలాంగ పిల్లలను తీసుకొచ్చారు. ముస్లిం ఆసుపత్రిలోని పిల్లలు, వాళ్లను చేరదీసినవాళ్లు క్రైస్తవ సన్యాసినులు.

1987లో యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు, చక్రాల కుర్చీలవాళ్లు దేశం ఉత్తరం నుంచి దక్షిణం దాకా, అన్ని మిలీషియాల చెక్‌పోస్టులూ దాటుతూ యాత్ర చేశారు. అదే ఏడాది నవంబర్‌లో కార్మిక సంఘాల సమాఖ్య సమ్మెకు పిలిచింది. రూపాయి విలువ పడిపోయినట్టు పౌండు పడిపోయి రొట్టె కూడా కొనలేని రోజులు. రెండు బీరూట్‌ల నుంచీ వేలమంది మ్యూజియం దగ్గరి దాటు స్థలానికి నడిచి వచ్చి కలుసుకున్నారు, అడ్డంగా పోసిన మట్టి కట్టలను తొలగించారు. మిలీషియాలకు ఆ రోజు పట్టిన భయం అవతలివాడి ఫిరంగికి కూడా పట్టలేదు.

నిజం_చెప్తా

ఇవన్నీ చదివాక కూడా నా మాట పూర్తిగా వదులుకోను. జీతం కోసం చేరాడు సరే. కానీ జనం ఆ మిలీషియాకు అన్నం పెట్టింది, ఇంట్లో దాచింది, పన్ను కట్టింది అవతలి మతం వాళ్లు వచ్చి చంపుతారన్న భయంతోనే. 1983లో షూఫ్ కొండల్లో డ్రూజ్‌లు, క్రైస్తవులు తరతరాలుగా కలిసి ఉన్న ఊళ్లు. లెబనీస్ ఫోర్సెస్ ఇజ్రాయెల్ వెనక అక్కడికి ఎక్కింది. ఇజ్రాయెల్ వెనక్కి వెళ్లగానే డ్రూజ్ మిలీషియా లక్షకు పైగా క్రైస్తవులను ఇళ్లలోంచి తరిమింది. పక్కింటివాడే తరిమాడు. ఆ భయం లేకపోతే మీరు చెప్పే ఖజానా ఒక్క నెల కూడా నడవదు.

పాత_పుస్తకాలు

ఇది మంచి మాట, దీన్ని నేను ఒప్పుకుంటాను. భయం నిజమైనదే. అధ్యక్షుడిగా ఎన్నికైన బషీర్ జెమాయెల్ 1982 సెప్టెంబర్ 14న హత్యకు గురైతే, రెండు రోజుల తర్వాత బీరూట్‌లోని సబ్రా, షటిలా పాలస్తీనా శిబిరాల్లోకి ఇజ్రాయెల్ సైన్యం కాపలాలో దూరి పాలస్తీనీయులను, లెబనీస్ షియాలను చంపిన క్రైస్తవ మిలీషియావాళ్లు తమ భయాన్నీ పగనీ కలిపే వెళ్లారు. భయం లేనిచోట దాన్ని పుట్టించారు, ఉన్నచోట ఆరిపోకుండా చూశారు. షూఫ్‌లో గొడవ మొదలైంది కూడా బయటి నుంచి ఎక్కి వచ్చిన మిలీషియా చెక్‌పోస్టులతోనే. అక్కడ 2001 ఆగస్టులో మెరోనైట్ పెద్ద గురువు స్ఫేర్ ముఖ్తారా వెళ్లి వాలిద్ జుంబ్లాత్‌తో రాజీ కుదుర్చుకున్నారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఇళ్లకు తిరిగి వచ్చినవాళ్లు తక్కువే.

డాలస్_తెలుగు

చివరికి ఎలా ఆగింది? ఎవరైనా గెలిచారా? శిక్షలు పడ్డాయా?

వరంగల్_వాణి

1989 అక్టోబర్‌లో సౌదీలోని తాయిఫ్‌లో ఎంపీలు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆరుకు ఐదు పోయి సగం సగం అయింది. అధ్యక్షుడి అధికారాలు తగ్గి ప్రధాని మంత్రివర్గానికి పెరిగాయి. గుర్తింపు కార్డు మీద మతం తీసేశారు. ఎన్నికైన అధ్యక్షుడు రెనే మువ్వాద్ 17 రోజులకే బాంబు దాడిలో చనిపోయాడు. ఔన్ ఒప్పుకోలేదు. 1990 అక్టోబర్ 13న సిరియా విమానాలు, ట్యాంకులు ఆయన్ని అధ్యక్ష భవనం నుంచి తరిమాక యుద్ధం ముగిసింది.

శిక్షలంటారా? 1991 ఆగస్టులో క్షమాభిక్ష చట్టం చేశారు. ఆ చట్టంలో మినహాయింపులు చూస్తే కడుపు మండిపోతుంది. రాజకీయ నాయకులను, మతపెద్దలను, విదేశీ దౌత్యవేత్తలను చంపిన నేరాలకు క్షమాపణ లేదు. బస్సులో కూర్చున్నవాణ్ణి, పంపు దగ్గర నీళ్లు పట్టుకునే ఆమెను చంపినవాడికి ఉంది. ఆ చట్టం చేసిన పార్లమెంటులో, ఆ ప్రభుత్వంలో మిలీషియా నాయకులే ఉన్నారు. అమాల్ నాయకుడు నబీ బెర్రి 1992 నుంచి స్పీకర్. జుంబ్లాత్‌ను నిర్వాసితుల శాఖకు మంత్రిని చేశారు! పెద్ద నాయకుల్లో జైలుకు వెళ్లింది సమీర్ జాజా ఒక్కడే, 1994 నుంచి 2005 దాకా. మిగతావాళ్లు తక్కువ చేశారని కాదు, ఆయన సిరియాకు లొంగలేదు. ఔన్ ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చి 2016లో అధ్యక్షుడయ్యాడు, జాజా మద్దతుతో.

కడప_టు_కువైట్

మాయమైనవాళ్ల సంగతి కూడా రాయండి అక్కా. మా ఫోర్‌మన్ వాళ్ల పెదనాన్న కొడుకు ఒకడు అలాగే పోయాడు. శవం లేదు, కబురు లేదు.

వరంగల్_వాణి

17,000 మంది అని ప్రభుత్వమే చెప్పిన సంఖ్య. 1982లో వదాద్ హల్వానీ అనే స్కూలు టీచర్ భర్తను ఇంట్లోంచి తీసుకెళ్లారు. నాలాంటివాళ్లు ఉంటే రండి అని ఆమె రేడియోలో చెబితే వందల మంది ఆడవాళ్లు వచ్చారు, అన్ని మతాలవాళ్లూ. అలా పుట్టిన కుటుంబాల కమిటీ ముప్పై ఆరేళ్లు పోరాడితే 2018లో చట్టం వచ్చింది. మాయమైనవాళ్ల ఆచూకీ తెలుసుకునే హక్కు కుటుంబాలకు ఉందని, వెతకడానికి జాతీయ కమిషన్ వేయాలని. కానీ సామూహిక సమాధులు ఎక్కడున్నాయో తెలిసిన మిలీషియా మనుషులు నోరు తెరవడం లేదు. తెరిచినవాళ్లు అరుదు. లెబనీస్ ఫోర్సెస్ గూఢచారి విభాగంలో పెద్ద పదవిలో ఉన్న అసద్ షఫ్తరి 2000లో బహిరంగంగా క్షమాపణ అడిగాడు. ఇప్పుడు అవతలి పక్షంలో పోరాడినవాళ్లతో కలిసి స్కూళ్లకు వెళ్లి పిల్లలకు చెబుతున్నాడు.

కొవ్వూరు_కుర్రాడు

స్కూళ్లలో పాఠంగా ఉందా ఇదంతా?

పాత_పుస్తకాలు

లేదు నాయనా. అందరికీ ఒకే చరిత్ర పుస్తకం రాయాలని తాయిఫ్ ఒప్పందంలోనే ఉంది. ఇప్పటిదాకా రాయలేకపోయారు. చాలా బడుల్లో చరిత్ర పాఠం 1943 దగ్గర ఆగిపోతుంది. తర్వాతది ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి పార్టీ ఆఫీసులో వాళ్లు నేర్పుతారు. 2021 అక్టోబర్ 14న అదే ఐన్ అల్ రుమ్మానే పక్కన తయ్యూనే కూడలిలో మళ్లీ కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. తుపాకులు పట్టినవాళ్లలో చాలామంది యుద్ధం అయ్యాక పుట్టినవాళ్లే.

సిక్కోలు_సుబేదార్

మాస్టారు చెప్పినట్టే. మా శిబిరానికి వచ్చే కుర్రాళ్లను యుద్ధం గురించి అడిగితే, ఒక్కొక్కడూ ఒక్కో కథ చెప్పేవాడు. అందరి కథలోనూ మొదటి గుండు అవతలివాడిదే.

మోడరేటర్

చర్చ మర్యాదగా సాగింది, అందరికీ ధన్యవాదాలు. 2000 తర్వాతి హిజ్బుల్లా, ఇజ్రాయెల్ యుద్ధాలు, ఇప్పటి పరిస్థితుల మీద పోస్టులు వస్తున్నాయి. వాటికి వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడ రాయండి. 1975–90 గురించి ఇంకా సందేహాలుంటే ఇక్కడే అడగవచ్చు.

కొవ్వూరు_కుర్రాడు

వాణి గారూ, రేవులు, పన్నుల లెక్కల మీద నేను నోట్సు రాసుకుంటున్నాను. బెకా గంజాయి ఎవరి చెక్‌పోస్టుల మీదుగా ఏ రేవుకు వెళ్లేదో వీలున్నప్పుడు కొంచెం వివరంగా రాస్తారా?

వరంగల్_వాణి

రాస్తాను, ఆదివారం దాకా టైమ్ ఇవ్వండి. బెకా సిరియా సైన్యం చేతిలో ఉండేది, సరుకు చాలావరకు సముద్రం మీదే బయటికి పోయేది. మధ్యలో ఎంతమంది చేతులు మారిందో మ్యాపుతో సహా పెడతాను.